గోతం మీద అచ్చయిన దేశం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వేటపాలెం నుంచి వచ్చిన ఒక ప్రశ్నను గత సంచికలో ప్రచురించి, చోటు చాలక జవాబును ఈ సంచికకు వాయిదా వేశాం. ఈలోగా అదే విషయం మీద నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల పాఠకులు మరికొన్ని ప్రశ్నలు పంపారు. అన్నింటికీ కలిపి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ఉత్తరాలను కొంత కుదించామని మనవి.

ప్రశ్న: నేను వేటపాలెంలో జీడిపప్పు కార్ఖానాలో లెక్కలు రాస్తుంటాను. దిగుమతి సరుకు గోతాల మీద ‘గినీ-బిస్సావ్’ అని అచ్చువేసి ఉంటుంది. అది ఎక్కడుందని మా షావుకారు గారిని అడిగితే ఆఫ్రికా అన్నారు గానీ అంతకుమించి చెప్పలేకపోయారు. మా అబ్బాయి ఫోనులో చూసి, అక్కడ పదకొండేళ్లు యుద్ధం జరిగిందన్నాడు. ఎవరితో ఎవరికి జరిగిన యుద్ధం అది? (ఒక గుమాస్తా, వేటపాలెం)

జవాబు: గినీ-బిస్సావ్ పశ్చిమాఫ్రికాలో అట్లాంటిక్ తీరాన ఉన్న చిన్న దేశం. దానికి ఉత్తరాన సెనెగల్, తూర్పున, దక్షిణాన గినీ ఉన్నాయి. విస్తీర్ణం 36,125 చదరపు కిలోమీటర్లు, అంటే 2022లో జిల్లాలను విడదీయక ముందున్న నెల్లూరు, ప్రకాశం జిల్లాలు రెండింటినీ కలిపితే వచ్చేదానికంటే కొంచెం ఎక్కువ. తీరమంతా ఉప్పుటేర్లు, మడ అడవులు, పోటుకు మునిగి ఆటుకు తేలే బురద నేలలు. ఆ బురదలోనే కట్టలు పోసి, ఉప్పునీటిని ఆపి, వాననీటితో నేలను కడిగి వరి పండించడం అక్కడి బాలంత తెగ రైతులకు తరతరాలుగా వచ్చిన విద్య. జీడిమామిడి మాత్రం వారి చెట్టు కాదు, మన చెట్టూ కాదు. దాన్ని బ్రెజిల్ నుంచి సముద్రాలు దాటించి అటు ఆఫ్రికాకూ ఇటు గోవాకూ తెచ్చినవారు పోర్చుగీసువారే.

ఆ దేశాన్ని పాలించినవారు కూడా వారే. 15వ శతాబ్దంలో బానిసల వ్యాపారం కోసం ఆ తీరానికి వచ్చి చేరారు. లోపలి ప్రాంతాలు 1915 వరకు వారికి పూర్తిగా లొంగలేదు. బిజాగోస్ దీవుల్లో ఒకటైన కన్యాబాక్ 1936 దాకా ఎదురు తిరుగుతూనే ఉంది. వలసలను వదులుకోవాలన్న ఒత్తిడి లోకంలో పెరుగుతుండగా, పోర్చుగల్ నియంత సాలజార్ 1951లో రాజ్యాంగాన్ని సవరించి, ఇవి వలసలు కావనీ, సముద్రానికి అవతల ఉన్న తమ దేశపు రాష్ట్రాలేననీ ప్రకటించాడు. రాష్ట్రాలకు స్వాతంత్ర్యం ఇవ్వడమన్న ప్రశ్నే తలెత్తదన్నది ఆయన వాదం. అయితే ఆ ‘రాష్ట్ర’ ప్రజల్లో పౌరహక్కులు దక్కిన ఆఫ్రికన్లు 1950 జనాభా లెక్కల ప్రకారం నూటికి ఒక్కరు కూడా లేరు. మిగిలినవారందరినీ చట్టం స్థానిక జనంగా విడదీసి, వారిమీద పన్నులు వేసింది, వెట్టి చేయించింది.

1963 జనవరి 23న దక్షిణాన తీతె అనే ఊళ్లో ఉన్న సైనిక శిబిరం మీద గెరిల్లాలు దాడి చేయడంతో మొదలైన యుద్ధం 1974లో ముగిసింది. దాన్ని నడిపిన పార్టీని పి.ఎ.ఐ.జి.సి. (గినీ, కేప్ వెర్డీల స్వాతంత్ర్యం కోసం ఏర్పడిన ఆఫ్రికన్ పార్టీ) అంటారు. గినీ-బిస్సావ్‌తో పాటు సముద్రంలో దూరంగా ఉన్న కేప్ వెర్డీ దీవుల స్వాతంత్ర్యం కూడా దాని లక్ష్యం. నాయకుడు అమిల్కార్ కబ్రాల్. అదే కాలంలో అంగోలా, మొజాంబిక్ దేశాల్లోనూ పోర్చుగల్ మీద యుద్ధాలు జరిగాయి. ఆ మూడింటిలో అతి చిన్నదీ, పోర్చుగల్‌ను అన్నింటికంటే ఎక్కువగా దెబ్బతీసినదీ మీ గోతం మీద ఉన్న దేశమే.

ప్రశ్న: గోవాను 1961లో మనం విడిపించుకున్నాం. అప్పుడు ఆఫ్రికాలో జరుగుతున్న పోరాటాలకూ గోవాకూ ఏమైనా సంబంధం ఉందా? ఉంటే, ముప్పై ఏళ్లు చరిత్ర పాఠాలు చెప్పిన నాకు ఒక్క పాఠ్యపుస్తకంలోనూ ఎందుకు కనబడలేదు? (విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు)

జవాబు: సంబంధం చాలా దగ్గరిది. 1961 ఏప్రిల్‌లో పోర్చుగీసు వలసల్లోని ఉద్యమ సంస్థలన్నీ కాసాబ్లాంకాలో కలిసి ఒక ఉమ్మడి వేదికను ఏర్పాటు చేసుకున్నప్పుడు అందులో అంగోలా, మొజాంబిక్, గినీ-బిస్సావ్‌లతో పాటు గోవా సంస్థలు కూడా ఉన్నాయి. గోవాలో పుట్టిన అకీనో ద బ్రగాన్సా ఆ వేదికలో ముఖ్యుడు. తర్వాతి కాలంలో ఆయన మొజాంబిక్ అధ్యక్షుడు సమోరా మషేల్‌కు ఆంతరంగికుడై, 1986లో మషేల్ మరణించిన విమాన ప్రమాదంలోనే చనిపోయాడు. 1961 అక్టోబరులో మన దేశంలో పోర్చుగీసు వలసల మీద ఒక సదస్సు జరిగింది. గోవా విషయంలో భారతదేశం ఇంకా ఎన్నాళ్లు ఓపిక పడుతుందని ఆఫ్రికా ప్రతినిధులు అందులో నెహ్రూ ప్రభుత్వాన్ని నిలదీశారు. గోవా కదిలితే ఆఫ్రికాలోనూ పోర్చుగల్ పట్టు సడలుతుందని వారి ఆశ. రెండు నెలలు తిరగకుండానే, డిసెంబరు 18, 19 తేదీల్లో మన సైన్యం గోవాలో ప్రవేశించింది.

ఆ తర్వాత భద్రతా మండలిలో భారతదేశాన్ని తప్పుపట్టే తీర్మానం వచ్చినప్పుడు ఏడు దేశాలు దాన్ని బలపరిచాయి, నాలుగు వ్యతిరేకించాయి. సోవియట్ యూనియన్ వీటోను మనం గుర్తుంచుకున్నాం గానీ, మనతో నిలిచిన మిగిలిన మూడు దేశాలైన సిలోన్, లైబీరియా, ఐక్య అరబ్ గణతంత్రం (అప్పటికి సిరియా విడిపోగా మిగిలిన ఈజిప్టు) మన జ్ఞాపకంలోంచి జారిపోయాయి. వాటిలో రెండు ఆఫ్రికావి. చివరి మనిషి దాకా పోరాడాలని సాలజార్ ఆదేశించినా, గోవా గవర్నరు వసాలు ఇ సిల్వా అనవసరపు రక్తపాతం ఎందుకని లొంగిపోయాడు. స్వదేశానికి తిరిగి వెళ్లాక ఆయనను సైన్యం నుంచి బహిష్కరించారు. గోవాలో జరిగిన అవమానం ఆఫ్రికాలో మళ్లీ జరగకూడదన్న పట్టుదల లిస్బన్‌లో బలపడింది. గోవాను భారతదేశంలో భాగంగా పోర్చుగల్ అంగీకరించింది 1974 డిసెంబరు 31న. గినీ-బిస్సావ్ స్వాతంత్ర్యాన్ని అంగీకరించింది అదే ఏడాది సెప్టెంబరు 10న. అంటే మన గోవా కాగితం మీద మనదిగా ఒప్పుదల కావడానికి కూడా ఆఫ్రికా రైతుల యుద్ధమే దారి తీసిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఇక పాఠ్యపుస్తకాల సంగతి. ఆ సంవత్సరాల్లో లోకమంతా వియత్నాం వైపు చూస్తున్నది. పోర్చుగల్, అమెరికా పెద్దగా ఉన్న నాటో సైనిక కూటమిలో సభ్యదేశం. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లోని వైమానిక స్థావరం అమెరికాకు అవసరం. అందువల్ల పశ్చిమ దేశాలు ఈ విషయంలో చూసీచూడనట్టు ఉండడానికే ఇష్టపడ్డాయి. పోర్చుగల్‌లో పత్రికల మీద సెన్సారు ఉండేది. అక్కడ ఒక తరం యువకులను నాలుగేళ్ల దాకా నిర్బంధ సైనిక సేవలో పెట్టారు. మూడు యుద్ధాల్లోనూ కలిపి పోర్చుగల్ పక్షాన సుమారు తొమ్మిది వేల మంది చనిపోయారు. తిరిగి వచ్చినవారు ఓడిన యుద్ధం గురించి చాలాకాలం నోరు విప్పలేదు. గెలిచిన దేశం కూడా ఆ కథను చెప్పుకొనే స్థిమితంలో లేకపోయింది. మన పుస్తకాల విషయానికి వస్తే, ఆఫ్రికా అంటే దక్షిణాఫ్రికాలో గాంధీజీ, ఆ తర్వాత మండేలా అన్నంతవరకే మన సిలబస్ రాసేవారి చూపు ఆగిపోయిందని మా అభిప్రాయం.

ప్రశ్న: మన చీరాల-పేరాలలో జనం ఊరు ఖాళీ చేసి శాంతియుతంగా పోరాడారు. పల్లిపాడులో గాంధీజీ ఆశ్రమం పెట్టారు. ఆఫ్రికాలో వీళ్లు ఆ దారి ఎందుకు పట్టలేదు? తుపాకీ తప్ప వేరే మార్గం లేదా? (డిగ్రీ విద్యార్థిని, కావలి)

జవాబు: అమ్మా, మొదట వారూ ఆ దారినే పట్టారు. పార్టీ 1956లో బిస్సావ్ పట్టణంలో రహస్యంగా పుట్టినప్పుడు దాని పని సమ్మెలు, సంఘాలు, మహజర్లు. 1959 ఆగస్టు 3న బిస్సావ్ రేవులోని పిజిగీతీ రేవుకట్ట మీద కూలి పెంచమని పడవ కార్మికులు, రేవు కూలీలు పని మానేశారు. వారి చేతుల్లో తెడ్లు, కర్రలు తప్ప మరేమీ లేవు. పోలీసులు కాల్పులు జరిపారు. నీళ్లలోకి దూకి ఈదుతున్నవారిని సైతం వదలలేదు. చనిపోయినవారు సుమారు యాభై మంది. ఆ తర్వాత నెలలో పార్టీ నాయకులు సమావేశమై, పట్టణాన్ని వదిలి పల్లెలకు వెళ్లాలనీ, సాయుధ పోరాటానికి సిద్ధం కావాలనీ నిర్ణయించారు. అప్పటికీ, 1960 చివర, శాంతియుతంగా అధికారం అప్పగించమని పోర్చుగల్ ప్రభుత్వానికి వినతిపత్రం పంపారు. దానికి జవాబు రాలేదు.

1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి నాయకత్వంలో చీరాల-పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నును కాదని ఊరి వెలుపల రామ్‌నగర్ పాకల్లో దాదాపు పదకొండు నెలలు గడపగలగడానికి వారి గుండె నిబ్బరం ప్రధాన కారణం. అయితే ఆ వార్త పత్రికల్లో వచ్చింది, కాంగ్రెసు మహాసభల్లో దాన్ని గురించి మాట్లాడుకున్నారు, నాయకులను జైలులో పెట్టినా వారు ఎక్కడున్నారో జనానికి తెలిసింది. సాలజార్ రహస్య పోలీసుల రాజ్యంలో ఆ వెసులుబాటు లేదు. మీ ప్రశ్నకు అన్నింటికంటే సూటి జవాబు గోవాలోనే ఉంది. 1955 ఆగస్టు 15న జెండాలు పట్టుకుని గోవా సరిహద్దు దాటిన నిరాయుధ సత్యాగ్రహుల మీద ఇదే పోర్చుగీసు ప్రభుత్వం కాల్పులు జరిపి ఇరవై మందికి పైగా చంపింది.

దీన్నిబట్టి బ్రిటిషువారు దయగలవారని అనుకోవద్దు. వారు 1952 తర్వాత కెన్యాలో కికుయు ప్రజలను ముళ్లకంచెల శిబిరాల్లో నిర్బంధించి చేసిన హింస పిజిగీతీకి ఏమాత్రం తీసిపోదు.

ప్రశ్న: నేను పొగాకు రైతును. కబ్రాల్ వ్యవసాయ శాస్త్రవేత్త అని ఎక్కడో చదివాను. వ్యవసాయం చదివిన మనిషికి యుద్ధం ఎలా చేతనయింది? (ఒక రైతు, కందుకూరు)

జవాబు: చేతనయింది వ్యవసాయం వల్లనే. కబ్రాల్ 1924 సెప్టెంబరు 12న బఫతా పట్టణంలో, కేప్ వెర్డీ దీవుల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు పుట్టాడు. ఆ దీవుల్లోనే పెరిగాడు. 1940లలో అక్కడ వానలు లేక వేలాది మంది ఆకలితో చనిపోవడం చూశాడు. లిస్బన్‌లో వ్యవసాయ శాస్త్రం చదివి, నేల కోత మీద పరిశోధన చేసి, 1952లో ప్రభుత్వ ఉద్యోగిగా గినీ-బిస్సావ్‌కు వచ్చాడు. మరుసటి ఏడాది వలస ప్రభుత్వం ఆయనకు దేశమంతటి వ్యవసాయ గణన చేసే పని అప్పగించింది. ఏ ఊళ్లో ఏ పంట వేస్తున్నారు, ఎవరి చేతిలో ఎంత భూమి ఉంది, దిగుబడి ఎంత, ఎవరు ఎవరికి అమ్ముతున్నారు అని ఊరూరా తిరిగి రాసుకున్నాడు. ఆ లెక్కలు ప్రభుత్వ దస్త్రాల్లోకి వెళ్లాయి. ఆ పరిచయం మాత్రం ఆయన దగ్గరే మిగిలింది. ఒక వలస ప్రభుత్వం తన మీద జరగబోయే తిరుగుబాటుకు సొంత ఖర్చుతో సర్వే చేయించి పెట్టిన ఉదంతం మరొకటి మాకు గుర్తుకు రావడం లేదు.

ఆయన ఆ సర్వేలో గ్రహించిన ముఖ్య విషయం మీకు వెంటనే అర్థమవుతుంది. ఎగుమతి కోసం పల్లెల చేత వేరుశనగ బలవంతంగా వేయించేవారు. కొనేది ఒక పెద్ద పోర్చుగీసు కంపెనీకి అనుబంధమైన కాజా గొవెయా అనే వర్తక సంస్థ. ధర నిర్ణయించేదీ, అరువు మీద బట్ట, ఉప్పు ఇచ్చేదీ అదే సంస్థ. పన్ను డబ్బు రూపంలోనే కట్టాలి గనుక, తిండికి వరి చాలినా చాలకపోయినా రైతు వేరుశనగ వేయక తప్పేది కాదు. వేలంలో తన బేలు దగ్గర నిలబడి ఒకే కొనుగోలుదారు ముఖం చూసే రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు.

తొలి దశలో ఆయన చేసిన పని తుపాకులు పంచడం కాదు. పొరుగున ఉన్న గినీ 1958లో ఫ్రాన్సు నుంచి విడిపోయి స్వతంత్రమైంది. దాని రాజధాని కొనాక్రీలో ఒక ఇల్లు తీసుకుని, పారిపోయి వచ్చిన పల్లె యువకులను కూర్చోబెట్టి, ఊరికి వెళ్లి ఎలా మాట్లాడాలో నేర్పించాడు. ఒకడు ఊరిపెద్దగా నటించాలి, మరొకడు పార్టీ మనిషిగా వచ్చి పలకరించాలి. మొదటిమాటే స్వాతంత్ర్యం, సామ్రాజ్యవాదం అంటే ఆపేసి మళ్లీ మొదలుపెట్టించేవాడు. పెద్దాయన ఆరోగ్యం అడగాలి, పంట ఎలా ఉందో అడగాలి, ఈ ఏడు పన్ను ఎంత కట్టారో అడగాలి, ఆ డబ్బుతో ఊరికి ఏం వచ్చిందో అడగాలి, ఆ తర్వాత చాలాసేపు వినాలి. మనుషులు ఎవరి తలలోనో ఉన్న సిద్ధాంతాల కోసం పోరాడరనీ, తమ బతుకు బాగుపడాలని, తమ పిల్లలకు మంచి రోజులు రావాలని పోరాడతారనీ పార్టీ కార్యకర్తలకు ఇచ్చిన ఆదేశాల్లో స్పష్టంగా రాశాడు. అబద్ధాలు చెప్పవద్దు, సులువైన విజయాలు సాధించామని గొప్పలు పోవద్దు అన్న హెచ్చరిక కూడా ఆ 1965 ఆదేశాల్లోదే. ఈ మాటల శిక్షణ రెండు మూడేళ్లు సాగాకనే 1963లో తుపాకీ పేలింది.

బాలంత రైతుల్లో రాజులు, నాయకులు అన్న వ్యవస్థ లేదు. ఊరి పెద్దలే పెత్తనం చేసేవారు. పోర్చుగీసు పన్నుల వల్ల ఎక్కువగా నలిగినవారూ వారే. వారు త్వరగా కలిసొచ్చారు. తూర్పున ఫూలా తెగ నాయకులకు వలస పాలనలో పదవులు, వాటా ఉండేవి. వారిలో అధికులు పోర్చుగల్ వైపు నిలిచారు. ఈ తేడాను కబ్రాల్ దాచలేదు, ఎవరు ఎందుకు ఏ వైపు ఉన్నారో భూమి లెక్కల నుంచే వివరించాడు.

విముక్తి పొందిన ప్రాంతాల్లో ప్రతి ఊరికీ ఐదుగురితో ఒక కమిటీ ఏర్పడింది. వారిని ఊరివారే ఎన్నుకునేవారు. పోర్చుగీసు డబ్బు అక్కడ చెల్లదు. దాని బదులు ప్రజల దుకాణాలు పెట్టారు. రైతు వడ్లు, తోళ్లు, తేనె తెచ్చి ఇచ్చి, బట్ట, సబ్బు, ఉప్పు, సూదీదారం, గుదళ్లు పట్టుకెళ్లేవాడు. ఆ మారకపు రేట్లు కాజా గొవెయా ఇచ్చేదానికంటే మెరుగ్గా ఉండాలని పార్టీ పట్టుబట్టింది. చెట్ల కింద బడులు నడిచాయి. విమానం చప్పుడు వినబడితే పిల్లలు పక్కనే తవ్విన గోతుల్లోకి దిగేవారు. స్వీడన్ 1969 నుంచి మందులు, బడి పుస్తకాలు, దుకాణాలకు సరుకులు పంపింది. ఆయుధాలు ప్రధానంగా సోవియట్ యూనియన్ నుంచి, వైద్యులు, సైనిక శిక్షకులు క్యూబా నుంచి వచ్చారు.

ఇందులో చేదు కూడా ఉంది. మొదటి ఏడాదే కొందరు గెరిల్లా నాయకులు తమ ప్రాంతాల్లో చిన్నపాటి దొరలై, ఊళ్ల మీద పడి దోచుకుని, మంత్రగత్తెలన్న నెపంతో ఆడవాళ్లను హింసించారు. 1964 ఫిబ్రవరిలో, కాసకా అనే చోట, కొద్ది దూరంలోనే కోమో దీవిలో యుద్ధం సాగుతుండగా పార్టీ మహాసభ పెట్టి, ఆ నాయకులను విచారించి, కొందరికి మరణశిక్ష విధించారు. యుద్ధం మధ్యలో సొంత సేనానులను విచారణకు నిలబెట్టడం ఆ ఉద్యమం చేసిన అతి కష్టమైన పని అని మేము అనుకుంటాం.

ప్రశ్న: పాలకులు వెళ్లిపోక ముందే గినీ-బిస్సావ్ స్వతంత్ర దేశమని ఐక్యరాజ్య సమితి అంగీకరించిందట. చట్టప్రకారం అది ఎలా సాధ్యం? (న్యాయవాది, నెల్లూరు)

జవాబు: సాధారణంగా వలస దేశం అధికారం బదిలీ చేశాకే కొత్త రాజ్యం ఏర్పడుతుంది. ఇక్కడ క్రమం తలకిందులైంది. 1972 ఏప్రిల్‌లో సమితి పంపిన ప్రత్యేక బృందం రహస్యంగా సరిహద్దు దాటి, విముక్త ప్రాంతాల్లో కాలినడకన తిరిగి, బడులు, ఆసుపత్రులు, న్యాయస్థానాలు చూసి వచ్చింది. అదే ఏడాది ఆ ప్రాంతాల్లో ఎన్నికలు జరిపి జాతీయ శాసనసభను ఏర్పరిచారు. ఆ సభ 1973 సెప్టెంబరు 24న తూర్పు కొండల్లో మదీనా దు బొయె ప్రాంతంలో సమావేశమై స్వతంత్ర రాజ్యాన్ని ప్రకటించింది. నవంబరు 2న సమితి సర్వప్రతినిధి సభ 93 ఓట్లతో దాన్ని స్వాగతించి, పోర్చుగీసు సైన్యం అక్కడ ఉండడం అక్రమ ఆక్రమణ అని తీర్మానించింది. వ్యతిరేకించినవి ఏడు, తటస్థంగా ఉన్నవి ముప్పై. భూభాగం, ప్రజలు, ప్రభుత్వం ఈ మూడూ ఉన్నాయన్నదే వాదన. రాజధాని నగరం శత్రువు చేతిలో ఉన్నంత మాత్రాన రాజ్యం లేనట్టు కాదని సభ అంగీకరించింది.

ప్రశ్న: కబ్రాల్‌ను ఎవరు చంపారు? (ఒక పాఠకుడు, గూడూరు)

జవాబు: 1973 జనవరి 20 రాత్రి కొనాక్రీలో ఆయన ఇంటి ముందే, సొంత పార్టీ నౌకాదళానికి చెందిన ఇనసెన్సియు కనీ ముఠా కాల్చి చంపింది. పార్టీ నాయకత్వంలో కేప్ వెర్డీ మూలాలున్నవారిదే పైచేయి అన్న అసంతృప్తి గినీ-బిస్సావ్ మనుషుల్లో ఉండేది. పోర్చుగీసు రహస్య పోలీసులు పార్టీలోకి మనుషులను జొప్పించి, ఆ మంటను ఎగదోశారు. కబ్రాల్‌ను తీసేస్తే ఉద్యమం కూలుతుందని వేసిన లెక్క తప్పింది. ఎనిమిది నెలలకు ఆయన లేకుండానే దేశం స్వతంత్రమని ప్రకటించుకుంది.

ప్రశ్న: నేను సైన్యంలో పనిచేసి వచ్చాను. విమానాలు, హెలికాప్టర్లు ఉన్న సైన్యం అడవుల్లోని గెరిల్లాల చేతిలో ఎలా ఓడింది? పోర్చుగల్ తరఫున పోరాడిన ఆఫ్రికన్ సైనికుల గతి ఏమైంది? (మాజీ సైనికుడు, గిద్దలూరు)

జవాబు: గినీ-బిస్సావ్‌లో పోర్చుగల్ సైన్యం ముప్పై వేలు దాటింది. 1968లో వచ్చిన గవర్నరు, జనరల్ స్పినొలా సమర్థుడు. తుపాకీతో మాత్రమే గెలవలేమని గ్రహించి రోడ్లు, బడులు, ఇళ్లు కట్టించాడు, ఆఫ్రికన్లతోనే కమాండో దళాలను నిలబెట్టాడు. 1970 నవంబరు 22న సముద్రం మీదుగా కొనాక్రీ నగరం మీదికే దాడి పంపాడు. ఆ దాడిలో పోర్చుగీసు బందీలు కొందరిని విడిపించుకున్నారు గానీ కబ్రాల్ దొరకలేదు, పొరుగు గినీ అధ్యక్షుడు సేకూ తూరే ప్రభుత్వం కూలలేదు, ప్రపంచం ముందు పోర్చుగల్ పరువు పోయింది.

ఆకాశం మీద పట్టు ఉన్నంతకాలం అడవి మధ్యలోని శిబిరాలకు సరుకులు చేరేవి, గాయపడినవారు గంటలో ఆసుపత్రికి వెళ్లేవారు. 1973 మార్చి నుంచి గెరిల్లాల చేతికి భుజం మీద పెట్టి పేల్చే స్ట్రెలా క్షిపణులు వచ్చాయి. వరుసగా విమానాలు కూలాయి. పైలట్లు కిందికి దిగి ఎగరడానికి వెనుకాడారు. గాయపడిన సైనికుడు తనకోసం హెలికాప్టరు వస్తుందన్న భరోసా కోల్పోతే శిబిరంలో ఏమవుతుందో మీకు మేము చెప్పనక్కరలేదు. మే నెలలో దక్షిణ సరిహద్దు దగ్గరి గిలేజ్ శిబిరాన్ని అక్కడి సైన్యం ఫిరంగులతో సహా వదిలేసి వెళ్లిపోయింది.

అయితే అసలు ఓటమి లిస్బన్‌లో జరిగింది. గినీ-బిస్సావ్‌లో పనిచేసి విసిగిపోయిన కెప్టెన్లు, మేజర్లు రహస్యంగా ఒక సంఘం పెట్టుకున్నారు. వారిలో ముఖ్యులైన ఒతేలు సరైవ ద కర్వాల్యు, సల్గైరు మాయ ఇద్దరూ గినీ-బిస్సావ్‌లో పనిచేసినవారే. 1974 ఏప్రిల్ 25న వారు ట్యాంకులతో లిస్బన్ వీధుల్లోకి వచ్చి, నలభై ఏళ్లకు పైబడిన నియంతృత్వాన్ని ఒక్క పగటిలో దించారు. జనం వారి తుపాకీ గొట్టాల్లో ఎర్రటి కార్నేషన్ పూలు పెట్టారు. తాత్కాలికంగా దేశాధ్యక్ష పదవిలో కూర్చున్నది, కొద్దికాలం ముందు దాకా గినీ-బిస్సావ్‌లో యుద్ధం నడిపిన స్పినొలానే.

మీ రెండో ప్రశ్నకు జవాబు బాధాకరం. పోర్చుగల్ వెళ్లిపోతూ ఆఫ్రికన్ కమాండోల చేత ఆయుధాలు అప్పగింపజేసి, వారిని అక్కడే వదిలేసింది. కొత్త ప్రభుత్వం వారిలో అనేకులను విచారణ లేకుండా కాల్చివేసింది. 1980లో తిరుగుబాటు చేసి గద్దెనెక్కిన నీనో వియెరా ప్రభుత్వం, తన ముందున్నవారిని దుయ్యబట్టడానికి, కుమెరె వంటి చోట్ల సామూహిక సమాధులను బయటపెట్టింది. వియెరా కూడా అదే పార్టీలో పెద్ద సేనాని కాబట్టి ఆయన చేతులు శుభ్రమని మేము నమ్మడం లేదు. కాసకాలో సొంతవారి నేరాలను బహిరంగంగా విచారించిన పార్టీ, పదేళ్లు తిరిగేసరికి ఓడినవారికి ఆపాటి న్యాయం కూడా చేయలేదు.

ప్రశ్న: ఇంత క్రమశిక్షణతో పోరాడిన దేశం ఇప్పుడు ప్రపంచంలో అతి పేద దేశాల్లో ఒకటిగా ఎందుకుంది? (చేనేత వృత్తిదారు, చీరాల)

జవాబు: అడవిలో పాలన నేర్చిన పార్టీ బిస్సావ్ చేరగానే వలస ప్రభుత్వపు భవనాల్లో, అదే కుర్చీల్లో కూర్చుంది. ఊరి కమిటీలు నామమాత్రమయ్యాయి. తొలి అధ్యక్షుడు లూయిస్ కబ్రాల్, అమిల్కార్‌కు సవతి తమ్ముడు. ఆయనను 1980 నవంబరు 14న వియెరా దించాడు. దానితో కేప్ వెర్డీతో కలిసి ఒకే దేశం కావాలన్న ఆశ కూడా పోయింది. 1998, 1999లలో అంతర్యుద్ధం, 2009లో వియెరా హత్య, 2012లో మరో తిరుగుబాటు. ఎన్నికైన అధ్యక్షుడు పూర్తి కాలం పదవిలో ఉండడం 2014లో గెలిచిన జోసె మారియు వాజ్‌తోనే మొదలు. యుద్ధం నడిపిన సైన్యం శాంతి వచ్చాక శిబిరానికి తిరిగి వెళ్లకపోవడమే ఈ దుస్థితికి మూలమని మా అభిప్రాయం.

ఆర్థికంగా చూస్తే, వేరుశనగ స్థానంలో జీడిమామిడి వచ్చింది. ఎగుమతుల్లో నూటికి తొంభై పాళ్లు పచ్చి జీడిగింజలే, వాటిలో అధిక భాగం భారతదేశానికీ వియత్నాంకూ వస్తుంది. వరి పొలాల కట్టలు తెగిపోతే పూడ్చే యువకులు లేక, రైతు జీడిగింజలిచ్చి దిగుమతి బియ్యం మార్చుకుంటాడు. గింజ పగలగొట్టడం, పొట్టు తీయడం, గుండ్లు, బద్దలు వేరుచేయడం వంటి కూలి పనులు చాలావరకు మన దగ్గరా వియత్నాంలోనూ జరుగుతాయి కాబట్టి ఆ ఆదాయం కూడా అక్కడ మిగలదు.

ప్రశ్న: ఈ యుద్ధంలో స్త్రీల పాత్ర గురించి రెండు మాటలు చెప్పగలరా? (ఉపాధ్యాయిని, సింగరాయకొండ)

జవాబు: ఊరి కమిటీలోని ఐదుగురిలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలన్నది పార్టీ నియమం. దాన్ని మగవాళ్లు సంతోషంగా ఒప్పుకున్నారని అనుకోవద్దు; చాలా ఊళ్లలో ఆ ఇద్దరికీ మొదట వంటా, బియ్యం దంపుడే అప్పగించారు. అయినా నియమం నియమంగానే ఉండడం వల్ల, కొందరు ఆ పని దాటి ముందుకు వచ్చారు. తితీనా సిలా ఉత్తర ప్రాంతంలో రాజకీయ నాయకురాలిగా ఎదిగింది. కబ్రాల్ అంత్యక్రియలకు బయలుదేరి, 1973 జనవరి 30న ఫారిం నదిని పడవలో దాటుతుండగా పోర్చుగీసు గస్తీ కాల్పుల్లో మరణించింది. గినీ-బిస్సావ్‌లో ఆ తేదీని జాతీయ మహిళా దినంగా పాటిస్తారు. దక్షిణ ప్రాంతంలో కర్మెన్ పెరైరా ఆసుపత్రుల, బడుల నిర్వహణ చూసింది. ఆమె 1984 మేలో, కొత్త రాజ్యాంగం అమల్లోకి వచ్చే సంధికాలంలో, మూడు రోజులు దేశాధ్యక్ష బాధ్యతలు నిర్వహించింది.